శీతాకాలారంభంలో పర్వత పాదయాత్ర

శీతాకాలారంభంలో పర్వత పాదయాత్ర అనగా శరదృతువు ముగింపుకు వచ్చి, నిండు శీతాకాలం ఇంకా స్థిరపడని రోజుల్లో ఎత్తైన కొండలపై కాలినడకన చేసే యాత్ర. దీనినే వ్యవహారంలో హైకింగ్ లేదా ట్రెక్కింగ్ అంటారు. ఉత్తరార్ధగోళంలో ఈ కాలం సుమారుగా అక్టోబరు మధ్య నుండి డిసెంబరు చివరి వరకు ఉంటుంది. ఈ రోజుల్లో ఒకే నడకలో తడి రాయి, రాలిన ఆకులు, బురద, గట్టి మంచుగడ్డ, అప్పుడే కురిసిన మెత్తని హిమం వరుసగా ఎదురవుతాయి. అందువల్ల బూట్లకు తగిలించుకునే పట్టు పరికరాలను ఎంచుకోవడం నిండు శీతాకాలంలో కంటే ఈ కాలంలోనే కష్టమైన పని. హిమం తక్కువగా ఉంది కాబట్టి ప్రమాదం కూడా తక్కువే అనుకోవడం ఈ ఋతువులో సర్వసాధారణమైన పొరపాటు.

మంచు అనే పదం

తెలుగులో మంచు అనే ఒక్క మాట చాలా వాటికి పేరు. తెల్లవారుజామున గడ్డిపై కనిపించే నీటి బిందువులు మంచు, రహదారిని కప్పివేసే పొగ మంచు, ఆకాశం నుండి దూదిలా రాలేది మంచు, శీతల పానీయంలో వేసేది కూడా మంచుగడ్డే. ఆంధ్రప్రదేశ్‌లోని లంబసింగి వంటి చోట్ల చలికాలపు ఉదయాలలో నేలపై తెల్లని పొర ఏర్పడినప్పుడు కూడా మంచు పడిందనే అంటారు. మైదాన ప్రాంతాల భాషకు ఇంతకంటే సూక్ష్మమైన విభజన అవసరం రాలేదు. అయితే కొండమీద నడిచేవారికి ఈ తేడాలే ముఖ్యం. ఏ పరికరం పనికివస్తుందనేది అది ఏ రకం మంచు అన్నదానిపైనే ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసంలో ఆకాశం నుండి రాలి పేరుకున్న మెత్తని మంచును హిమం అని, నీరు గట్టిపడి ఏర్పడినదానిని మంచుగడ్డ అని వ్యవహరించడం జరిగింది.

వాతావరణ స్వభావం

ఎత్తు పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత తగ్గుతుంది. ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుదల ఉంటుందని లెక్క. కొండ మొదట్లో 5 డిగ్రీలు ఉన్న రోజున, అక్కడికి 1,000 మీటర్ల ఎత్తున ఉన్న శిఖరంపై మైనస్ 1.5 డిగ్రీలు ఉండవచ్చు. దానికి తోడు గంటకు 50 కి.మీ. వేగంతో గాలి వీస్తే, శరీరంపై దాని ప్రభావం సుమారు మైనస్ 10 డిగ్రీల చలితో సమానం. అంటే కింద స్వెట్టరు కూడా బరువనిపించిన మనిషికి, మూడు నాలుగు గంటల తరువాత చేతివేళ్ళు పనిచేయని స్థితి ఏర్పడుతుంది.

ఈ కాలపు రెండవ లక్షణం, పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం. మధ్యాహ్నపు ఎండకు కరిగిన నీరు దారివెంట పారి, సాయంత్రం కాగానే గట్టిపడుతుంది. ఉదయం ఎక్కేటప్పుడు గట్టిగా ఉన్న నేల మధ్యాహ్నానికి చిత్తడిగా మారవచ్చు, తడిగా ఉన్న బండ దిగివచ్చేసరికి అద్దంలా మారవచ్చు. ఎక్కిన దారే కదా అని దిగేటప్పుడు ఏమరుపాటుగా ఉండేవారు జారిపడటానికి ఇదొక ముఖ్య కారణం.

మూడవది పగటి సమయం. డిసెంబరు మొదటివారంలో హైదరాబాదులో సూర్యుడు సాయంత్రం 5:40 ప్రాంతంలో అస్తమిస్తాడు. అమెరికా ఈశాన్యంలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో అదే రోజున 4:10 ప్రాంతానికే సూర్యాస్తమయం అవుతుంది. పైగా అక్కడ నవంబరు మొదటి ఆదివారం గడియారాలను ఒక గంట వెనక్కు తిప్పుతారు. ముందటి వారం వెలుతురులో ముగిసిన నడక ఆ వారం చీకటిలో ముగుస్తుంది.

నేలపై ఎదురయ్యే మంచు రకాలు

శీతాకాలారంభంలో అన్నిటికంటే అపాయకరమైనది బండరాళ్ళపై ఏర్పడే పల్చని, పారదర్శకమైన మంచుగడ్డ పొర. పర్వతారోహకులు దీనిని వెర్‌గ్లా అనే ఫ్రెంచి మాటతో పిలుస్తారు. రాయి రంగు దాని గుండా యథాతథంగా కనబడటం వలన అది ఉన్నట్టే తెలియదు. దీనిపై రబ్బరు అడుగు నిలవదు. ఇనుప పళ్ళు కూడా పూర్తిగా నిలవవు. పొర మందం చాలనందున పళ్ళు దానిని చీల్చుకుని కింది రాతికి తగిలి గీచుకుపోతాయి.

రెండవ రకం దారివెంట పేరుకునే మంచుగడ్డ. పాత కొండదారులు చాలావరకు వంపులు లేకుండా వాలు వెంబడి నేరుగా పైకి పోతాయి. అటువంటి దారి వర్షాకాలంలో కాలువగా మారుతుంది, చలికాలంలో ఆ కాలువ గడ్డకడుతుంది. ఊటనీరు రోజూ కొద్దికొద్దిగా చేరి పొరలు పొరలుగా గట్టిపడటంతో నెల తిరిగేసరికి అర అడుగు మందం రావడం వింతేమీ కాదు. ఇది మందంగా ఉంటుంది కాబట్టి ఇనుప పళ్ళు చక్కగా దిగుతాయి. నవంబరులో దానిపై రాలిన ఆకులు పరచుకుని ఉంటే మాత్రం గుర్తుపట్టడం కష్టం.

మూడవది కొత్త హిమం. చలికాలం నడిమికి హిమం అణగి, గట్టిపడి, రాళ్ళ మధ్య సందులను పూడ్చివేస్తుంది. అప్పుడు దారి వేసవిలో కంటే నునుపుగా ఉంటుంది. తొలి హిమం అలా కాదు. అది సందులను పూడ్చదు, మూసివేస్తుంది. చదునుగా కనిపించిన చోట కాలు వేస్తే మోకాలి వరకు దిగి రెండు రాళ్ళ మధ్య ఇరుక్కోవచ్చు. సెలయేళ్ళపై పల్చని మంచుగడ్డ, దానిపై నాలుగు అంగుళాల హిమం ఉన్నప్పుడు కూడా ఇదే పరిస్థితి. ఆ పొర విరిగి బూటులోకి నీరు చేరితే, యాత్ర అక్కడితో ముగిసిందని భావించి వెనుదిరగడం ఉత్తమం.

మంచుగడ్డ అన్ని ఉష్ణోగ్రతల వద్ద ఒకేలా జారదు. సున్నా డిగ్రీల సమీపంలో దాని పైన పల్చని నీటిపొర ఉండి కందెనలా పనిచేస్తుంది. మైనస్ 15 డిగ్రీల వద్ద ఉన్న గడ్డ కంటే అది ఎక్కువగా జారుతుంది. అందువల్ల మరీ చలిగా లేని రోజు భద్రమైన రోజు అని అనుకోరాదు.

పట్టు పరికరాలు

ఆల్ప్స్ పర్వతాలలో పశువుల కాపరులు, వేటగాళ్ళు నాలుగు పళ్ళ ఇనుప పట్టీలను చెప్పులకు కట్టుకుని తిరగడం చాలా పాత ఆచారం. నేటి క్రాంపాన్‌కు రూపకల్పన చేసినది ఆస్కార్ ఎకెన్‌స్టైన్ అనే ఆంగ్లేయ ఇంజనీరు. ఈయనే 1902లో కె2 శిఖరంపై తొలి గట్టి ప్రయత్నం చేసిన బృందానికి నాయకుడు. 1908లో ఆయన గీసిన పది పళ్ళ నమూనాను ఇటలీలోని కూర్మాయర్ గ్రామానికి చెందిన హెన్రీ గ్రివెల్ అనే కమ్మరి తయారుచేశాడు. 1929లో ఆ కుటుంబానికే చెందిన లారెంట్ గ్రివెల్ ముందువైపుకు పొడుచుకు వచ్చే రెండు పళ్ళను చేర్చడంతో అది పన్నెండు పళ్ళ పరికరమైంది. బూటు అడుగుభాగం చరిత్రలో కూడా ఒక విషాదం ఉంది. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో తన సహచరులు ఆరుగురు మరణించిన తరువాత, సరైన పాదరక్షలు లేకపోవడమే అందుకు కొంత కారణమని తలచిన విటాలే బ్రమానీ, లోతైన గాడులు గల రబ్బరు అడుగును రూపొందించి 1937లో మార్కెట్లోకి తెచ్చాడు. ఆయన పేరునుండే విబ్రమ్ అనే వ్యాపారనామం పుట్టింది.

ఇప్పుడు వాడుకలో ఉన్న పరికరాలలో అన్నిటికంటే తేలికైనవి తీగచుట్టల పట్టీలు. రబ్బరు పట్టీకి ఉక్కు తీగను స్ప్రింగులా చుట్టి బూటు కిందికి వచ్చేటట్టు తగిలిస్తారు. ఊరిలో మంచుపట్టిన కాలిబాటపై నడవడానికి ఇవి చాలును. కొండదారికి పనికిరావు. వాలుపై పక్కకు జారి ఊడిపోతాయి.

పాదయాత్రికులు ఎక్కువగా వాడేవి మైక్రోస్పైక్‌లు. సాగే రబ్బరు చట్రాన్ని బూటుపైకి లాగి తొడుగుతారు. దాని అడుగున ఉక్కు గొలుసులు, ఆ గొలుసులకు 1 నుండి 1.5 సెం.మీ. పొడవుగల పళ్ళు ఉంటాయి. జత బరువు అర కిలోకు లోపే. ఏ బూటుకైనా సరిపోవడం, నిమిషంలో తొడిగి విప్పగలగడం వీటి గొప్ప సౌలభ్యం. దారివెంట పేరుకున్న మంచుగడ్డపైన, నలుగురూ నడిచి గట్టిపడిన హిమంపైన ఇవి బాగా పనిచేస్తాయి. మెత్తని హిమం లోతుగా ఉంటే వాటి వలన ప్రయోజనం లేదు. సున్నా డిగ్రీల సమీపంలో తడిహిమం గొలుసుల మధ్య ముద్దలుగా అంటుకుని పళ్ళను కప్పివేస్తుంది. అప్పుడు చేతికర్రతో తట్టి రాల్చుకోవాలి, లేకుంటే ఉన్న పట్టు కూడా పోతుంది.

క్రాంపాన్‌లు వేరే జాతి పరికరాలు. ఇవి గట్టి ఉక్కు లేదా అల్యూమినియం చట్రంపై 10 లేదా 12 పళ్ళతో, ఒక్కొక్క పన్ను రెండున్నర సెంటీమీటర్లు, అంతకుమించి పొడవుతో ఉంటాయి. పట్టీలతో కట్టుకునేవి చాలా బూట్లకు సరిపోతాయి. మడమవద్ద మీటతో బిగించేవాటికి మడమ వెనుక గాడి ఉన్న బూటు కావాలి. ముందు తీగ, వెనుక మీట ఉండేవాటికి రెండువైపులా గాడి ఉండి, అడుగు ఏమాత్రం వంగని పర్వతారోహణ బూటు తప్పనిసరి. మెత్తగా వంగే నడక బూటుకు బిరుసైన క్రాంపాన్ బిగిస్తే అది వాలుపై ఊడిపోవచ్చు, లేదా ఇరుసు విరిగిపోవచ్చు. క్రాంపాన్‌తో నడక కూడా వేరు. పాదాలను ఎడంగా ఉంచి, పళ్ళన్నీ ఒకేసారి దిగేటట్టు అడుగును చదునుగా మోపాలి. అలవాటులేనివారు ఒక కాలి పళ్ళను రెండవ కాలి పంట్లాముకు తగిలించుకుని పడటం తరచుగా జరుగుతుంది. క్రాంపాన్‌లు తొడిగి ఉన్నప్పుడు కూర్చుని జారుతూ దిగడం ఎన్నడూ చేయరాదు. పన్ను మంచులో చిక్కుకుంటే శరీరం ముందుకు పోతుంది, మడమ ఆగిపోతుంది, చీలమండ ఎముక విరుగుతుంది.

నిటారు వాలుపై క్రాంపాన్‌లతోపాటు మంచుగొడ్డలి ఉండాలి. జారినప్పుడు బోర్లాపడి గొడ్డలి ముక్కును మంచులో దించి ఆగడం ఒక విద్య. దానిని కిందపడినా ప్రమాదం లేని చోట ముందుగా సాధన చేయాలి. వాడటం నేర్వని గొడ్డలి సంచికి అలంకారం మాత్రమే.

స్నోషూలు జారకుండా ఆపడానికి కాక, దిగబడకుండా ఉండటానికి ఉద్దేశించినవి. వెడల్పైన తట్టలాంటి చట్రం శరీర బరువును ఎక్కువ వైశాల్యంపై పంచుతుంది. నేటి రకాల అడుగున ఇనుప పళ్ళు కూడా ఉంటాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాన్‌డాక్ హై పీక్స్ ప్రాంతంలో హిమం 8 అంగుళాలు, అనగా 20 సెం.మీ. లేదా అంతకుమించి ఉన్నప్పుడు స్నోషూలు లేదా స్కీలు తప్పనిసరి. బూట్లతో దిగబడుతూ నడిస్తే ఏర్పడే గుంతలు గడ్డకట్టి తరువాత వచ్చేవారి కాళ్ళు విరగడానికి కారణమవుతాయన్నది ఈ నియమానికి ఒక కారణం.

ఎంపిక చేయు విధానం

ఎంత హిమం పడింది అనే ప్రశ్నతో పరికరాన్ని ఎంచుకోవడం లోకరీతి. దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న, ఇక్కడ జారితే ఎక్కడ ఆగుతాను అనేది. అడవి మధ్య దారిలో జారితే రెండు గజాలలో చెట్టో, రాయో, మలుపో ఆపుతుంది. అక్కడ మైక్రోస్పైక్‌లు సరిపోతాయి. చెట్లు లేని, గట్టిపడిన వాలుపై జారితే వేగం పెరుగుతూపోయి అడుగున ఉన్న బండల వద్దగాని ఆగడం జరగదు. అక్కడ హిమం నాలుగు అంగుళాలే ఉన్నా క్రాంపాన్‌లు, మంచుగొడ్డలి, వాటిని వాడే నేర్పు మూడూ కావాలి. ఈ మూడింటిలో ఏది లేకున్నా ఆ వాలు ఆ రోజుకు దాటరానిదే. మైక్రోస్పైక్‌లు అడవిలో ఇచ్చే ధైర్యంతో చాలామంది అటువంటి వాలు నడిమి వరకు పోతారు. అక్కడ వెనక్కు తిరగడమే అసలు కష్టం.

పరికరాన్ని ఎప్పుడు తొడగాలనేది కూడా ఎంపికలో భాగమే. జారడం మొదలైన తరువాత వాలుపై ఒంటికాలిమీద నిలబడి తొడుగుకోవడం కంటే, చదునైన చోట ముందుగానే తొడుగుకోవడం మేలు. రాతిపై వాటితో నడిస్తే పళ్ళు మొద్దుబారతాయని కొందరు విప్పుతూ తొడుగుతూ ఉంటారు. పళ్ళను ఆకురాయితో పదును పెట్టుకోవచ్చు. అయితే మంచులేని నున్నని బండపై ఉక్కు జారుతుందన్నది నిజమే కాబట్టి, పొడిరాయి ఎక్కువదూరం ఉంటే విప్పడమే మంచిది.

వైట్ మౌంటెన్స్

శీతాకాలారంభపు స్వభావాన్ని తెలుసుకోవడానికి న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్ మంచి ఉదాహరణ. ఇవి ఎత్తులో హిమాలయాల ముందు పిల్లకొండలు. అన్నిటికంటే ఎత్తైన మౌంట్ వాషింగ్టన్ 1,917 మీటర్లు మాత్రమే. అయినా 1934 ఏప్రిల్ 12న ఈ శిఖరంపై గంటకు 372 కి.మీ. వేగంతో గాలి నమోదైంది. 1996లో ఆస్ట్రేలియాకు చెందిన బారో ద్వీపంలో తుఫాను సమయాన నమోదైన వేగం దానిని మించేవరకు ప్రపంచ రికార్డు అదే. ఇక్కడ సుమారు 1,400 మీటర్ల ఎత్తుకే చెట్లు ఆగిపోతాయి.

1849 నుండి ఈ శిఖరం, దాని చుట్టుపక్కల కొండలపై 150 మందికి పైగా మరణించారు. గమనించదగ్గ విషయమేమంటే, ఆ జాబితాలోని తొలి రెండు మరణాలూ నడి చలికాలంలో జరిగినవి కావు. 1849 అక్టోబరులో ఫ్రెడరిక్ స్ట్రిక్‌లాండ్ అనే ఆంగ్లేయుడు, హిమం కారణంగా మార్గదర్శి వెనుదిరిగినా వినక ఒంటరిగా ముందుకు సాగి, దిగేటప్పుడు దారితప్పి మరణించాడు. 1855 సెప్టెంబరులో 23 ఏళ్ళ లిజ్జీ బోర్న్, బంధువులతో కలిసి మధ్యాహ్నం బయలుదేరి, రాత్రి చలిగాలిలో శిఖరానికి కూతవేటు దూరంలో ప్రాణం విడిచింది. తెల్లవారిన తరువాతగాని శిఖరంపైనున్న వసతి గృహం ఎంత దగ్గరలో ఉందో ఆమె వెంట ఉన్నవారికి తెలియలేదు.

అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు బోస్టన్ నుండి రెండు మూడు గంటల ప్రయాణంతో చేరుకోగల ఫ్రాంకోనియా శిఖరశ్రేణి పైన చెప్పిన విషయాలన్నిటినీ ఒక్కరోజులో చూపుతుంది. సుమారు 14 కి.మీ. చుట్టుదారిలో ఫాలింగ్ వాటర్స్ మార్గం జలపాతాల పక్కగా ఎక్కుతుంది. నవంబరులో ఆ తుంపరలు రాళ్ళపై గడ్డకట్టి ఉంటాయి. పైన లిటిల్ హేస్టాక్ నుండి లింకన్ మీదుగా 1,600 మీటర్ల లాఫయెట్ శిఖరం వరకు రెండున్నర కి.మీ.కు పైగా చెట్టు నీడ లేదు. అక్కడ హిమం గాలికి కొట్టుకుపోయి, రాతిపై మంచుగడ్డ మిగులుతుంది. ఎదురుగాలి ఉన్నా, పొగమంచు కమ్మినా అడవి అంచునుండే వెనక్కు తిరగడం మంచిది. శ్రేణి నడుమ నుండి పక్కకు దిగాలనే ఆలోచన లోతైన, దట్టమైన అడవి లోయలలోకి తీసుకుపోతుంది.

మౌంట్ వాషింగ్టన్‌పై లయన్ హెడ్ మార్గానికి వేసవి దారి వేరు, శీతాకాలపు దారి వేరు. హిమపాతాల ప్రమాదం మొదలైన తరువాత అటవీశాఖ వేసవి దారిని మూసి రెండవదానిని తెరుస్తుంది. శీతాకాలపు దారి నిటారుగా ఉండి క్రాంపాన్‌లు, మంచుగొడ్డలి కోరుతుంది. ఏ దారి తెరిచి ఉందో ముందుగా కనుక్కోవాలి. నిర్లక్ష్యంతో చిక్కుకున్నవారి నుండి రక్షణ ఖర్చులు వసూలు చేసే అధికారం న్యూ హాంప్‌షైర్ చట్టంలో ఉంది. 2015 నుండి స్వచ్ఛందంగా కొనుక్కునే హైక్ సేఫ్ కార్డు ఈ ఖర్చులనుండి మినహాయింపు ఇస్తుంది. తెలిసి తెలిసి తెగించినవారికి మాత్రం ఆ మినహాయింపు వర్తించదు.

హిమాలయాలు, హుద్‌హుద్ తుఫాను

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను తెలుగువారికి చిరపరిచితం. దాని శేషం ఉత్తరంగా కదిలి, రెండు రోజుల తరువాత నేపాల్‌లోని అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాలపై భారీ హిమంగా కురిసింది. అక్టోబరు అక్కడ ట్రెక్కింగ్‌కు అనువైన నెలగా పేరుపొందినది. 5,416 మీటర్ల ఎత్తులోని థొరాంగ్ లా కనుమ దాటుతున్న యాత్రికులు, కూలీలు, దారిచూపేవారు ఆ హిమంలో చిక్కుకున్నారు. ఆ ప్రాంతంలో మొత్తం కనీసం 43 మంది మరణించారు. ఎటుచూసినా తెలుపు తప్ప మరేమీ కనిపించని ఆ స్థితిలో పాదాలకు ఎంత మంచి పళ్ళు ఉన్నా ప్రయోజనం స్వల్పం. బంగాళాఖాతంలో తుఫాను ఉన్న సంగతి పైనున్నవారికి తెలిసి ఉంటే దిగువ గ్రామాలలోనే ఆగిపోయి ఉండేవారు. తూర్పు తీరపు తుఫాను హెచ్చరికను నేపాల్, సిక్కిం యాత్రికులు తమకు సంబంధించినదిగానే చూడాలి.

ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ వంటి 3,810 మీటర్ల శిఖరాలకు డిసెంబరులో వెళ్ళే యువకులలో తెలుగువారు కూడా ఉంటారు. అక్కడ శిఖరారోహణ తెల్లవారక ముందే మొదలవుతుంది. అప్పుడు హిమం రాతిలా గట్టిగా ఉంటుంది, మధ్యాహ్నం దిగేవేళకు మెత్తబడి కాలు దిగబడుతుంది. మన దేశపు ట్రెక్కింగ్ వ్యవహారంలో మైక్రోస్పైక్‌లను కూడా క్రాంపాన్‌లనే పిలవడం పరిపాటి. క్రాంపాన్‌లు అద్దెకు ఇస్తామని చెప్పినప్పుడు అవి గొలుసులవా, చట్రంవా అని అడిగి చూసుకోవాలి. రబ్బరు పగుళ్ళు, తెగిన లంకెలు ఉన్నాయేమో ఊరిలోనే పరీక్షించాలి. అసలైన క్రాంపాన్‌ల వాడకం నేర్చుకోగోరే వారికి డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థ, ఉత్తరకాశిలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ ఇస్తున్నాయి.

ఇతర అవసరాలు

నూలు వస్త్రాలు చెమటను పీల్చి ఆరక శరీరాన్ని చల్లబరుస్తాయి కాబట్టి ఉన్ని లేదా కృత్రిమ దారంతో చేసినవి ధరించాలి. శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకంటే తగ్గడాన్ని హైపోథెర్మియా అంటారు. మాట తడబడటం, అడుగు తూలడం, బొత్తాము పెట్టుకోలేకపోవడం దాని తొలి గుర్తులు. బాధితుడు తనకేమీ కాలేదనే చెబుతాడు. అందువల్ల ఆ గుర్తులను పక్కవారే కనిపెట్టాలి.

తలకు కట్టుకునే దీపం, దాని అదనపు బ్యాటరీలు పగటి నడకకు కూడా వెంట ఉండాలి. లిథియం బ్యాటరీలు చలిని ఎక్కువగా తట్టుకుంటాయి. సెల్‌ఫోను చలికి త్వరగా ఆగిపోతుంది గనుక లోపలి జేబులో ఉంచుకుని, దారికోసం కాగితపు పటం, దిక్సూచి తీసుకుపోవాలి. నీరు పైనుండి గడ్డకడుతుంది. సీసాను సంచిలో తలకిందులుగా పెడితే మూత దగ్గరి నీరు ఆఖరున గడ్డకడుతుంది. అయితే బయలుదేరే ముందు మూత గట్టిగా బిగిసిందో లేదో చూసుకోవాలి.